అదను కదలదు: చిన్న సాఫ్ట్‌వేర్ బృందంలో టైమ్‌బాక్స్ పాటించే పద్ధతి

అనంతపురం జిల్లాలో వేరుశనగ వేసే రైతుకు టైమ్‌బాక్స్ గురించి ఎవరూ నేర్పనక్కరలేదు. ఏడాది మొత్తానికి సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. జూన్‌లోనో జూలైలోనో పదును అందితే గొర్రు కడతారు. ఆగస్టు వచ్చేసిందంటే వేరుశనగ మాట పక్కన పెట్టి ఉలవలో, జొన్నలో చల్లుకుంటారు. ఇంకో ఇరవై రోజులు ఆగి వేరుశనగే వేద్దామని ఎవరూ అనరు. అదను కదలదని వాళ్లకు తెలుసు. ఆ అదనులో ఏ పంట వేయాలి, ఎన్నెకరాల్లో వేయాలి అన్నదే వాళ్లు తేల్చుకుంటారు.

సాఫ్ట్‌వేర్ బృందంలో టైమ్‌బాక్స్ అంటే అచ్చంగా ఇదే. కాలాన్ని ఒక పెట్టెలా ముందే ఖాయం చేసి, దానికి సరిపడేంత పనే తీసుకుంటాం. కాలం చాలకపోతే పనిని తగ్గిస్తాం, కాలాన్ని పెంచం. గడువు సంగతి వేరు. గడువులో పని మొత్తం ముందే ఖాయమై ఉంటుంది, తేదీ వెనక్కి జరుగుతూ పోతుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి చాలా బృందాలు గడువుకే టైమ్‌బాక్స్ అని పేరు పెట్టుకుంటాయి.

మేము కూడా మొదట అలాగే చేశాం. అనంతపురంలో టవర్‌క్లాక్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఒక మేడ మీద నలుగురం పని చేస్తాం. చీనీ (బత్తాయి) మండీలకు తూకం చీటీలు, రైతు ఖాతాలు, కమీషన్ లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ రాస్తాం. మా మొదటి స్ప్రింట్, అంటే ఒక విడత పనికి పెట్టుకున్న కాలం, రెండు వారాలని గోడ మీద రాసుకున్నాం. "అన్నా, ఇంకో రెండు రోజులిస్తే అయిపోతుంది" అన్న మాట మా గదిలో నాలుగుసార్లు వినిపించింది, నాలుగుసార్లూ నేను సరేనన్నాను. చివరికి అన్ని హంగులతో మండీకి తీసుకెళితే, అక్కడి యజమాని చూసి "నాకు చీటీ ఒక్కటి పడితే చాలు కదప్పా, మిగిలినవి తర్వాత చూసుకునేవాళ్లం" అన్నాడు. ఆ చీటీ మా దగ్గర ఎనిమిదో రోజుకే సిద్ధంగా ఉంది. ఆ మాట తర్వాత మా పద్ధతి మార్చుకున్నాం. కింద రాసినదంతా అలా మార్చుకున్నదే. మీరు కర్నూలులో ఉన్నా కడపలో ఉన్నా, బృందంలో ముగ్గురున్నా తొమ్మిదిమంది ఉన్నా ఇలాగే చేయవచ్చు.

పెట్టె పొడవు, మొదలయ్యే రోజు

బృందాలు పనిని విడతలుగా చేసే స్క్రమ్ అనే పద్ధతి నియమాల్లో స్ప్రింట్ ఒక నెలకు మించకూడదని ఉంది. నెలలోపు ఎంత పెట్టుకోవాలన్నది మీ ఇష్టం. తేల్చుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి: మీరు తప్పుదారిలో వెళ్తున్నారని తెలిసేసరికి ఎన్ని రోజుల పని పారేసుకోగలరు? కొత్త ఖాతాదారైతే, అంటే మన చేత సాఫ్ట్‌వేర్ రాయించుకునే మనిషి కొత్తవాడైతే, వారం చాలు. పరిచయం కుదిరాక రెండు వారాలు బాగుంటాయి. మూడు వారాలైతే మొదట ఏమనుకున్నామో మధ్యలో ఎవరికీ గుర్తుండదు. నెల పెట్టిన బృందాల్లో మొదటి పది రోజులు మెల్లగా గడవడం నేను చూశాను. ఎంత సమయం ఉంటే పని అంతకు వ్యాపిస్తుందని పార్కిన్సన్ 1955లో 'ఎకనామిస్ట్' పత్రికలో రాసిన మాట ఇప్పటికీ చెల్లుతుంది.

సోమవారం మొదలుపెట్టకండి. శని, ఆదివారాలకు ఊరెళ్లినవాళ్లు, బెంగళూరు నుంచి తిరిగొచ్చేవాళ్లు సోమవారం మధ్యాహ్నానికి గానీ కుదురుకోరు. శుక్రవారం ముగించకండి, మిగిలిన పని మెల్లగా శనివారంలోకి జారుకుంటుంది. మేము బుధవారం ఉదయం మొదలుపెట్టి రెండో మంగళవారం సాయంత్రం మూస్తాం. సరిగ్గా పది పనిదినాలు వస్తాయి.

ఉగాది వచ్చిందనో, సంక్రాంతికి అందరూ ఊళ్లకు వెళ్తున్నారనో పెట్టెను సాగదీయకండి. మూడు రోజులు సెలవైతే ఏడు రోజులకు సరిపడే పనే తీసుకోండి. పొడవు ఎప్పుడూ ఒకేలా ఉంటేనే నాలుగైదు స్ప్రింట్ల తర్వాత మీ బృందం నిజంగా ఎంత పని చేయగలదో తెలుస్తుంది. కొలబద్ద మారుతూ ఉంటే కొలతకు అర్థం ఉండదు.

గంటల లెక్క కాగితం మీద వేయండి

ఈ లెక్క నోటితో వేయకూడదు. మా లెక్క ఒకటి చూపిస్తాను.

నలుగురు, పది రోజులు, రోజుకు ఆరు గంటలు: 240 గంటలు. రోజుకు ఎనిమిది గంటలని వేయకండి. టీ, ఫోన్లు, కరెంటు పోయి వచ్చాక రౌటర్ మళ్లీ పని చేసేదాకా ఆగడం, ఇవన్నీ ఏ ప్రణాళికలోనూ ఉండవు కానీ ప్రతి రోజులోనూ ఉంటాయి. ఒకరు చెల్లెలి పెళ్లికి రెండు రోజులు సెలవు పెట్టారు, 12 గంటలు తీసేయండి. సమావేశాలకు మనిషికి పది గంటల చొప్పున 40 తీసేయండి. ఆ పది గంటలు ఎలా వచ్చాయో కింద చెబుతాను. మిగిలింది 188.

ఈ 188 గంటలనూ తప్పనిసరి పనులతో నింపితే మళ్లీ గడువు దగ్గరికే వచ్చి నిలబడతారు. 1994లో బ్రిటన్‌లో మొదలైన డీఎస్‌డీఎం అనే పద్ధతి టైమ్‌బాక్స్‌కు పెద్ద పీట వేసింది. తప్పనిసరి పనులు మొత్తం శ్రమలో 60 శాతం దాటకూడదని అది చెబుతుంది. మా లెక్కలో దాదాపు 112 గంటలు. మిగిలినది, అవసరమైతే వదిలేయగల పనులకు. పెట్టె పగలకుండా కాపాడేది ఆ మిగిలిన భాగమే.

ఏది తీసేయాలో మొదటి రోజే రాసుకోండి

మొత్తం పద్ధతిలో కష్టమైన మెట్టు ఇదే. నాలుగు వరుసలు గీయండి: తప్పనిసరి, ఉండాలి, ఉంటే మంచిది, ఈసారి వద్దు. పద్ధతి మార్చుకున్నాక చేసిన ఒక మండీ పనిలో తూకం చీటీ ముద్రించడం, రైతు ఖాతాలో జమ వేయడం తప్పనిసరి వరుసలోకి వచ్చాయి. సాయంత్రానికి రోజు మొత్తం లెక్క ఉండాలి వరుసలోకి, రైతు ఫోనుకు సందేశం పంపడం ఉంటే మంచిది వరుసలోకి, గత ఏడాది ధరలతో పోలిక ఈసారి వద్దు వరుసలోకి వెళ్లాయి.

ఖాతాదారుణ్ని అడిగితే అన్నీ తప్పనిసరే అంటాడు. అతని తప్పేమీ లేదు, డబ్బు పెట్టే మనిషి అలాగే అనుకుంటాడు. అందుకే "ఇది ముఖ్యమా?" అని అడగకండి. "అన్నా, ఇది లేకపోతే బుధవారం పొద్దున మండీ తెరవగలరా?" అని అడగండి. తూకం చీటీ గురించి అడిగితే ఆ మండీ యజమాని ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తెరవలేనన్నాడు. రోజు లెక్క గురించి అడిగితే కాస్త ఆగి, "తెరుస్తాంలే, నాలుగు రోజులు చేత్తో రాసుకుంటాం" అన్నాడు. ఆ ఆగడంలోనే మీకు జవాబు దొరుకుతుంది. చేత్తో రాసుకునైనా నాలుగు రోజులు నెట్టుకురాగలిగితే అది తప్పనిసరి వరుసలోకి రాదు.

ఈ కాగితం మీద ఇద్దరూ సంతకం చేయనక్కరలేదు, కానీ ఇద్దరి దగ్గరా ఒక్కో ప్రతి ఉండాలి. ఫోనులో ఫొటో తీసి పంపినా చాలు. తొమ్మిదో రోజున ఒక పని తీసేయాల్సి వస్తే, ఆ నిర్ణయం మొదటి రోజే కలిసి తీసుకున్నదని ఇద్దరికీ గుర్తుంటుంది. అప్పుడు క్షమాపణ అడగాల్సిన అవసరం రాదు, వాదన కూడా రాదు.

సమావేశాలకూ పెట్టెలు

2020 నవంబరులో వచ్చిన స్క్రమ్ మార్గదర్శిక ప్రకారం నెల రోజుల స్ప్రింట్‌కు ప్రణాళిక సమావేశం ఎనిమిది గంటలు, చేసిన పనిని చూపించే సమీక్ష నాలుగు గంటలు, మన పనితీరును మనమే చూసుకునే రెట్రో మూడు గంటలు దాటకూడదు. స్ప్రింట్ చిన్నదైతే ఇవీ చిన్నవవుతాయి. రెండు వారాలకు మేము సగం చొప్పున నాలుగు, రెండు, ఒకటిన్నర గంటలు పెట్టుకున్నాం. పని ఎంతవరకు వచ్చిందో రోజూ నిలబడి చెప్పుకునే స్టాండప్ మాత్రం స్ప్రింట్ ఎంత పొడవున్నా 15 నిమిషాలే, పది రోజులకు రెండున్నర గంటలు. అన్నీ కలిపితే మనిషికి పది గంటలు. ఇవన్నీ పై హద్దులు. ప్రణాళిక రెండు గంటల్లో తేలిపోతే లేచి వెళ్లి పని మొదలుపెట్టండి, మిగిలిన రెండు గంటలూ కూర్చోవాలని ఎక్కడా లేదు.

స్టాండప్ ఇలా నడపండి. ఫోనులో 15 నిమిషాల అలారం పెట్టి బల్ల మధ్యలో ఉంచండి. సమయం చూసే బాధ్యత బృందానికి పెద్దవారికి ఇవ్వకండి, రోజుకొకరు చొప్పున అందరూ చూడాలి. ఏదైనా విషయం ఇద్దరి మధ్య చర్చగా మారితే దాన్ని బోర్డు మీద ఒక మూల రాసి, ఆ ఇద్దరూ తర్వాత కూర్చోవాలి. అలారం మోగినప్పుడు మాట్లాడుతున్న వాక్యం పూర్తి చేయవచ్చు, కొత్త వాక్యం మొదలుపెట్టకూడదు.

ఇది వినడానికి తేలిక, మన దగ్గర ఆచరించడం కష్టం. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఆపడం మర్యాద కాదని మనం చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం. మా బృందంలో చేరి రెండు నెలలు కూడా కాని అమ్మాయి సమయం చూస్తున్న రోజున, నేను మాట్లాడుతుండగా అలారం మోగింది. ఆమె నావైపు చూసింది, ఏమీ అనలేదు. నేనే ఆపేసి లేచాను. మరుసటి రోజు నుంచి అందరినీ ఆపడం ఆమెకు కష్టం కాలేదు. మీ బృందంలో మీరే పెద్దవారైతే మొదట ఆగాల్సింది మీరే. ఆ ఒక్క రోజు మీరు ఆగకపోతే నియమం ఎవరికీ ఉండదు.

తెలియని పనికి చిన్న పెట్టె

కొన్ని పనులకు ఎంత సమయం పడుతుందో ముందే చెప్పడం ఎవరివల్లా కాదు, అవి ఇంతకుముందు ఎవరూ చేయనివి కాబట్టి. వాటికి అంచనా వేయకుండా ఒక ప్రశ్న రాసి, దానికి కొన్ని గంటలు కేటాయించండి. దీన్ని స్పైక్ అంటారు.

కాటా నుంచి తూకం నేరుగా కంప్యూటర్‌లోకి రావాలని మండీవాళ్లు అడిగారు. మేము ఒక చీటీ మీద రాసుకున్నది ఇది: "ఈ కాటా నుంచి తూకం కంప్యూటర్‌కు వస్తుందా? వస్తే నమ్మవచ్చా? ఇద్దరు, నాలుగు గంటలు." ఇద్దరు ఉదయం తొమ్మిదికి మండీకి వెళ్లారు. కాటా వెనక సీరియల్ పోర్టు ఉంది, కేబుల్ కలిపారు. తెర మీద అంకెల బదులు పిచ్చి గుర్తులు వచ్చాయి. గంటన్నర కేబుల్‌నే అనుమానించారు. తర్వాత కాటా అంకెలు పంపే వేగం సెట్టింగు మార్చి చూస్తే, 9600కు బదులు 2400 పెట్టగానే అంకెలు వచ్చాయి. అప్పటికి పదకొండున్నర. ఆనందంగా ఒక గంప కాయలు కాటా మీద పెట్టించారు. అంకె పైకీ కిందికీ ఊగుతూ వచ్చింది. తూకం ఎప్పుడు నిలకడకొచ్చిందో ఆ కాటా విడిగా చెప్పడం లేదు, అది మేమే కనిపెట్టాలి. ఒంటిగంటకు అలారం మోగింది.

ఇంకో గంట ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్లమే. కానీ ప్రశ్నకు జవాబు వచ్చేసింది: తూకం వస్తుంది, కానీ నిలకడ తేలేదాకా నమ్మలేం. ఆ జవాబుతోనే నిర్ణయం తీసుకున్నాం. ఈ స్ప్రింట్‌లో గుమాస్తా అంకెను చూసి తానే టైపు చేస్తాడు. వచ్చే స్ప్రింట్‌లో, వరుసగా కొన్ని అంకెలు ఒకేలా వస్తేనే తీసుకునే పద్ధతి రాస్తాం. రైతు డబ్బు ఆ అంకె మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి దాన్ని తొందరపాటుతో రాయకూడదనే మా పట్టుదల.

స్పైక్ నుంచి ఆశించవలసింది జవాబు. కోడ్ మిగిలితే మంచిదే, మిగలకపోయినా నష్టం లేదు. "తెలియలేదు" అన్నది కూడా జవాబే. దాన్నిబట్టి ఇంకో చిన్న పెట్టె తెరవాలా, ఆ పనే వదిలేయాలా అన్నది అందరూ కలిసి తేల్చుకోవచ్చు.

ఒంటరిగా చేసే పనికి కూడా ఇదే సూత్రం పనికొస్తుంది. 1980ల చివర్లో ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో సిరిల్లో రూపొందించిన పొమొదోరో పద్ధతిలో 25 నిమిషాల పని, తర్వాత ఐదు నిమిషాల విరామం ఉంటాయి. కొందరికి బాగా కుదురుతుంది, కొందరికి అస్సలు కుదరదు. బృందం మొత్తం మీద రుద్దకండి.

ఐదు రోజులు గడిచాక

ఆరో రోజు ఉదయం స్టాండప్‌లో ఒక్క ప్రశ్న అదనంగా అడగండి: తప్పనిసరి పనుల్లో సగం పూర్తయ్యాయా? పూర్తవడం అంటే రాసి, పరీక్షించి, వాడేవాళ్ల చేతికి ఇవ్వగల స్థితిలో ఉండడం. సగం కాకపోతే 'ఉంటే మంచిది' వరుసను ఆ ఉదయమే చెరిపేసి, ఖాతాదారుకు ఆ ఉదయమే ఫోను చేయండి. ఆరో రోజు చెప్పే చెడ్డ వార్తను మనుషులు అర్థం చేసుకుంటారు. పదో రోజు సాయంత్రం చెబితే మోసపోయినట్టు బాధపడతారు, ఆ బాధలో న్యాయం ఉంది.

పని తగ్గించేటప్పుడు మొత్తం అంశాలను తీసేయండి. పరీక్షించడాన్ని మాత్రం తీసేయకండి. చీటీ, సందేశం, రోజు లెక్క మూడింటినీ సగం సగం పరీక్షించి ఇచ్చేకంటే, పూర్తిగా పరీక్షించిన చీటీ ఒక్కటే ఇవ్వండి.

రాత్రి పదకొండు దాకా కూర్చుని ఎలాగో పూర్తి చేసేద్దామని ఎవరో ఒకరు అంటారు. ఎక్కువగా అనేది బృందంలో అందరికంటే నిజాయితీగా పని చేసే మనిషే. దయచేసి ఒప్పుకోకండి. రాత్రుళ్లు కూర్చోవడం కూడా పెట్టెను సాగదీయడమే, క్యాలెండర్‌లో కనబడకుండా సాగదీయడం. 188 గంటల పనికి 230 గంటలు పెట్టి, పదో రోజున అంతా సమయానికే అయిందని రాసుకుంటే, మీ లెక్క తప్పని ఎప్పటికీ తెలియదు. వచ్చే స్ప్రింట్‌లో మళ్లీ అంతే పని తీసుకుంటారు, మళ్లీ అదే మనిషి రాత్రి కూర్చుంటాడు. ఊళ్లో అమ్మానాన్నలకు దగ్గరగా ఉండాలని బెంగళూరు వదిలి ఇక్కడికి వచ్చిన పిల్లలు మా దగ్గర పని చేస్తున్నారు. సాయంత్రం ఇంటికి వెళ్లి వాళ్లతో కలిసి భోంచేయలేకపోతే వాళ్లు ఇక్కడికి వచ్చినందుకు ఫలితం ఏముంది?

మూసే రోజు

మంగళవారం సాయంత్రం నాలుగింటికి సమీక్ష. నిజంగా నడుస్తున్నదే చూపించండి. "తొంభై శాతం అయింది" అనే మాటను గదిలోకి రానివ్వకండి. అయిందా, కాలేదా అన్న రెండు జవాబులే ఉండాలి. కానిది బ్యాక్‌లాగ్‌లోకి, అంటే చేయాల్సిన పనుల జాబితాలోకి, తిరిగి వెళుతుంది, దాని స్థానం మళ్లీ నిర్ణయమవుతుంది. దానంతటదే తర్వాతి స్ప్రింట్‌లో మొదటి పని కాకూడదు. ఈ పది రోజుల్లో దానికంటే అవసరమైనది ఇంకొకటి తలెత్తి ఉండవచ్చు. సగం రాసిన సందేశాల పనిని మేము అలా మూడు స్ప్రింట్లు పక్కన పెట్టాం, మండీలో ఎవరూ అడగలేదు.

పెట్టె పనికిరాని చోటు

మండీ నడుస్తుండగా సాఫ్ట్‌వేర్ ఆగిపోయి, కాటా ముందు రైతులు వరుసలో నిలబడి ఉంటే అది టైమ్‌బాక్స్‌కు తగిన సమయం కాదు. మళ్లీ నడిచేదాకా చేయాల్సిందే. అప్పుడు కూడా అరగంటకొక అలారం పెట్టుకోండి, ఆపడానికి కాదు, తలెత్తి చూసుకోవడానికి. మోగిన ప్రతిసారీ అడగండి: ఇదే దారిలో వెళ్దామా, నిన్నటి వెర్షన్ తిరిగి పెట్టేద్దామా? గుమాస్తాకు చీటీ పుస్తకం ఇచ్చి చేత్తో రాయమందామా? అలారం లేకపోతే తప్పు వెతకడంలో మునిగిపోయి మూడు గంటలు గడిచినా తెలియదు. ఇలాంటి పనికి పోయిన గంటలను రాసి పెట్టండి, వచ్చే లెక్కలో ముందే తీసేయడానికి.

మంగళవారం చివరి గంటన్నర రెట్రోకి. మొదటి రోజు రాసిన కాగితాన్ని గోడ మీద నుంచి తీసి బల్ల మీద పెట్టండి. అనుకున్న గంటలు, నిజంగా పట్టిన గంటలు పక్కపక్కనే రాయండి. ఎక్కడ తేడా ఎక్కువుందో ఆ ఒక్క పని గురించే మాట్లాడండి, ఒక్క మార్పే ఎంచుకోండి. అలారం మోగగానే ఆ కాగితాన్ని పాతవాటితో కలిపి ఫైలులో పెట్టి, బోర్డు తుడిచేసి ఇంటికి వెళ్లండి. బుధవారం ఉదయం బోర్డు మీద మొదట రాయవలసింది ముగింపు తేదీ.